గీతా, తాళమా, గొయ్యా?

చిన్న ఫైళ్లు చకచకా వెళ్లిపోయాయి. వీడియో_టీఎస్ ఫోల్డర్లోని ఐఎఫ్ఓలు, బీయూపీలు రెప్పపాటులో ల్యాప్‌టాప్‌లోకి వచ్చి కూర్చున్నాయి. ఇక ఒక్కొక్కటి దాదాపు ఒక జీబీ తూగే వీఓబీ ఫైళ్ల వంతు. మొదటిదాని దగ్గరే తెర మీద అడ్డంగా ఒక డబ్బా లేచింది: 'ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్'.

మీరిప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో, మావయ్యగారి ముందుగదిలో, నవారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. లైనక్స్ ల్యాప్‌టాప్ టీపాయ్ మీద ఉంది. దాని పక్కన పలకంత డీవీడీ డ్రైవ్, యూఎస్‌బీ తీగతో. గోడ బీరువాలో రెండు వరసల నిండా సినిమాలు. 2007లో మోజర్ బేర్ వాళ్లు డీవీడీ 34 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టాక మధ్యతరగతి ఇళ్లలో ఇలాంటి అలమరలు చాలానే నిండాయి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు పోయింది. అలమరలు మాత్రం ఉన్నాయి.

"ఏమైందిరా?" పడక్కుర్చీలోంచి మావయ్య.

"చదవనంటోంది మావయ్యా."

"గీత పడుంటుంది. కాస్త టూత్‌పేస్టు రాద్దామా?"

"నా పేస్టు జోలికి రాకండి!" వంటింట్లోంచి అత్తయ్య.

ఆవిడ మాట వినండి. పేస్టులో ఉండేది సన్నటి గరుకుపొడి. పైపైన ఉన్న గీతను అది అరగదీస్తే తీయొచ్చు, కానీ శుభ్రంగా ఉన్న డిస్క్‌ను మసకబార్చడం కూడా దానికి చేతనవును. అసలిప్పుడు డిస్క్ మీద గీత ఉందని ఎవరన్నారు? ఎర్రర్ వచ్చిందని కంప్యూటర్ అంది, అంతే.  అది 'రాలేదు' అనే చెబుతుంది కానీ ఎందుకు రాలేదో చెప్పదు.

ఒక్క క్షణం డ్రైవ్ మీద చెయ్యి పెట్టి చూడండి. నెమ్మదిగా, నున్నగా తిరుగుతోంది. గీత పడిన చోట చిక్కుకున్న డ్రైవ్ ఇంత ప్రశాంతంగా ఉండదు. వేగం అందుకుంటుంది, తగ్గుతుంది, లెన్స్ టకటకమని ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది, ఎర్రర్ చెప్పడానికే బోలెడంత సేపు తీసుకుంటుంది. ఇక్కడ జవాబు వెంటనే వచ్చింది, చప్పుడు లేకుండా వచ్చింది. ఇది చదవలేకపోవడం కాదు, చదవనని చెప్పడం.

రుజువు కావాలంటే టెర్మినల్ తెరిచి 'డీమెసేజ్' (dmesg) అని కొట్టండి. డ్రైవ్ పంపిన అసలు జవాబు అక్కడ పడి ఉంటుంది. చివరి వరసల్లో చూడండి: 'ఇల్లీగల్ రిక్వెస్ట్', దాని కింద 'రీడ్ ఆఫ్ స్క్రాంబుల్డ్ సెక్టార్ వితౌట్ అథెంటికేషన్'. అంకెల్లో అయితే 6ఎఫ్, 03. నిజంగా గీత పడి ఉంటే 'మీడియం ఎర్రర్' అని ఉండేది. ఈ రెండు మాటల తేడా తెలియక ఎంతమంది మంచి డిస్కులను అరగదీసుకున్నారో!

"తాళం వేసుంది మావయ్యా. గీత కాదు."

"మన సీడీకి మనకే తాళమేంట్రా?"

మంచి ప్రశ్నే. మావయ్య డీవీడీని కూడా సీడీ అనే అంటారు, మనం సర్దుకుపోదాం. సినిమా డీవీడీలకు వేసే ఈ తాళం పేరు సీఎస్ఎస్, 1996 నాటిది. వీడియో సెక్టార్లను గజిబిజి చేసి, విప్పే తాళంచెవులను మామూలు కాపీకి అందని చోట దాస్తారు. డిస్క్ చెవి మధ్య రంధ్రం వైపున్న లీడ్-ఇన్ భాగంలో, టైటిల్ చెవి సెక్టార్ల హెడర్లలో. అడిగే సాఫ్ట్‌వేర్ ముందు డ్రైవ్‌తో రహస్య సంకేతాలు మార్చుకోవాలి. మార్చుకోకుండా వచ్చి 'ఆ సెక్టార్ ఇలా ఇవ్వు' అంటే డ్రైవ్ ఇవ్వదు. ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉండేది సినిమా కాదు, దారి చూపే పట్టిక. వాటికి తాళం ఉండదు. అందుకే అవి చటుక్కున వచ్చేశాయి, వీఓబీ దగ్గర తలుపు పడింది.

ఆ చెవి పొడవు 40 బిట్లు. పెట్టినప్పుడే చిన్నది. 1999లో నార్వే కుర్రాడు జాన్ లెక్ యోహాన్సెన్, అప్పటికి పదిహేనేళ్లవాడు, ఇంకొందరితో కలిసి చేసిన, ఈ తాళం విప్పే డీసీఎస్ఎస్ ప్రోగ్రాం బయటికొచ్చింది. అతని మీద కేసు పెట్టారు. 2003 జనవరిలో ఓస్లో కోర్టు నిర్దోషి అంది, అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా అదే మాటంది. సొంతంగా కొనుక్కున్న డిస్క్‌ను తన కంప్యూటర్లో చూసుకోవడం నేరం కాదని అక్కడి న్యాయస్థానం లెక్క.

మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని తప్పించుకుంటే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసమైతే ఈ సెక్షన్ అడ్డురాదని కూడా అందులోనే ఉంది. మావయ్య డిస్క్, మావయ్య హార్డ్‌డిస్క్, చూసేది మావయ్య. పక్కింటివాళ్లకు పెన్‌డ్రైవ్‌లో పోసిచ్చే పని పెట్టుకోకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అక్కడి 1998 నాటి చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, తాళం తప్పించడమే తప్పు.

సరే, పనిలోకి రండి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ, దానికి తోడుగా లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్ అనే చిన్న లైబ్రరీ ఉన్నాయి. డిస్క్‌ను వీఎల్‌సీలో ఆడించండి. సెన్సార్ సర్టిఫికెట్ పడింది, వీణల చప్పుడుతో నలుపు తెలుపు టైటిళ్లు మొదలయ్యాయి. మావయ్య కుర్చీలో ముందుకు జరిగారు. "ఆపకు ఆపకు..." అన్నా సరే ఆపేయండి. మీకు కావాల్సింది ఆ కొన్ని క్షణాలే. ఆ లోపల లైబ్రరీ, డ్రైవ్ సంకేతాలు మార్చుకున్నాయి. డిస్క్ బయటికి తీయనంత సేపు ఇక డ్రైవ్ తలుపు తెరిచే ఉంచుతుంది.

ఇప్పుడు ఫైళ్లు ఒక్కొక్కటే లాగకండి, మొత్తం డిస్క్‌ను ఒకే ఇమేజ్‌గా తీయండి. దానికి గ్నూ డీడీరెస్క్యూను మించిన పనిముట్టు నేను చూడలేదు. సెక్టార్ సైజు 2048 అని చెప్పండి. తొలి విడతలో చెడ్డచోట్లను గీకవద్దని చెప్పే 'హైఫన్ ఎన్' పెట్టండి. చివర్లో మ్యాప్‌ఫైలుకు ఒక పేరివ్వండి. ఆ మ్యాప్‌ఫైలే ప్రాణం. ఏ చోటు వచ్చింది, ఏది రాలేదు, దేన్ని ఇంకా ముట్టుకోలేదు అన్నీ అందులో గుర్తులతో రాసుకుంటుంది. వచ్చినదానికి '+', చెడిపోయిందని తేలినదానికి '-'. కరెంటు పోయినా, మీరే ఆపేసినా, మళ్లీ అక్కడినుంచే అందుకుంటుంది.

అంకెలు పరుగెడుతున్నాయి. ఒక జీబీ. రెండు. అత్తయ్య పెసరట్లు తెచ్చిపెట్టారు. నూనె వేళ్లతో డిస్కులను ముట్టుకోవద్దని మావయ్యకు చెప్పే ధైర్యం ఉంటే చెప్పండి.

మూడున్నర జీబీ దగ్గర ఆ చప్పుడు వచ్చింది. ఇందాక మనం ఎదురుచూసి వినని చప్పుడు ఇదే. బుయ్‌మని వేగం, జారుడు, టక్. మళ్లీ బుయ్‌మని. తెర మీద 'రీడ్ ఎర్రర్స్' అంకె సున్నా నుంచి కదిలింది. డీడీరెస్క్యూ అక్కడ మొండికేయకుండా కొంత దూరం దూకి ముందుకు సాగింది. నాలుగు జీబీ దాటే వేళకు మళ్లీ సర్దుకుంది. చివరిదాకా ఇంకెక్కడా ఆగలేదు. మొత్తం 7.4 జీబీ, రాని ముక్కలు కొన్ని. డీమెసేజ్ చూస్తే ఈసారి 'మీడియం ఎర్రర్, అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్'. ఇది అసలైన గాయం.

మ్యాప్‌ఫైలు తెరవండి. చెడ్డ ముక్కలు 3.5 జీబీ దగ్గర కొన్ని, 3.9 జీబీ దగ్గర కొన్ని. సరిగ్గా మధ్యనున్న 3.7కు అటొక గుంపు, ఇటొక గుంపు. ఇది కాకతాళీయం కాదు. ఇది రెండు పొరల డిస్క్, 8.5 జీబీ రకం. లేజర్ మొదటి పొరను మధ్యనుంచి అంచుకు చదువుతూ పోతుంది. అంచు దగ్గర ఫోకస్ మార్చుకుని, రెండో పొరను అంచునుంచి మధ్యకు చదువుతూ తిరిగొస్తుంది. రెండు పొరలనూ చూసేది ఒకే ముఖం గుండా. అంచు దగ్గర ఒక మరక పడితే, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దెబ్బ తగులుతుంది. అద్దంలో బింబంలా రెండు వైపులా ఎర్రర్లు కనిపిస్తే పైముఖం మీదే ఏదో ఉందన్నమాట.

ఇంకో సంగతి. మన పాత సినిమాలు చాలావరకు దాదాపు మూడు గంటలుంటాయి, కాబట్టి రెండు పొరల్లోకి పోస్తారు. అలా పోసినప్పుడు ఇంటర్వెల్ వచ్చి పడేది దాదాపు డిస్క్ బయటి అంచు మీద. మనం వేళ్లతో పట్టుకునేదీ అక్కడే, డిస్క్ వంగితే ఆ వంపు ఎక్కువ తెలిసేదీ అక్కడే. 'బాగానే ఆడుతుంది కానీ ఇంటర్వెల్ దగ్గర ఆగిపోతుంది' అని ఇన్నేళ్లూ ఇన్ని ఇళ్లలో విన్నమాట వెనక కారణం ఇది.

"ఇంటర్వెల్ దగ్గర పోయింది మావయ్యా."

"నాకు తెలుసు. అక్కడ ఎప్పుడూ నత్తినత్తిగానే ఆడుతుంది." ముందే చెప్పొచ్చు కదా అనకండి. మీరు అడగలేదు.

డిస్క్ తీసి ట్యూబ్‌లైట్ కిందకు వంచి చూడండి. అంచు దగ్గర బొటనవేలి ముద్ర, పక్కనే వెంట్రుకలాంటి గీత. మధ్యనుంచి అంచుకు నిలువుగా పోయే గీతలు కూడా రెండున్నాయి కానీ వాటి గురించి దిగులు పడకండి. డీవీడీ తన సమాచారాన్ని 16 సెక్టార్ల కట్టలుగా, అడ్డానికీ నిలువుకీ సరిచూసుకునే అదనపు బైట్లతో రాసుకుంటుంది. ట్రాక్ వెంట దాదాపు ఆరు మిల్లీమీటర్ల మేర పోయినా తనంతట తనే పూడ్చుకోగలదు. నిలువు గీతను ట్రాక్ దాటేది వెంట్రుకవాసి మేరే, అది సులువుగా సరిపోతుంది. చుట్టూ ట్రాక్ వెంటే పోయే వంపుగీత మాత్రం ఆ హద్దు దాటిస్తుంది. కట్ట ఒక్కసారి చెడిందంటే 16 సెక్టార్లూ కలిసే పోతాయి. మ్యాప్‌ఫైల్లో చెడ్డ ముక్కలన్నీ 32,768 బైట్లకో, దాని రెట్టింపుకో వస్తున్నాయి చూడండి, కారణం అదే. తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవద్దని పెద్దలు చెప్పేది కూడా ఇందుకే.

వంటింట్లోకి పదండి. చల్లటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క, వేలికొసతో మధ్యనుంచి అంచుకు నిలువుగా. కడిగి, మెత్తటి పాత నూలుబట్టతో అదే దిక్కున అద్దండి, రుద్దకండి. పూర్తిగా ఆరనివ్వండి. మధ్య రంధ్రం దగ్గర తడి మిగిలితే తిరిగేటప్పుడు అది లెన్స్ మీద చిమ్ముతుంది.

ఆరింది, పెట్టారు, డీడీరెస్క్యూ మళ్లీ నడపబోతున్నారు. ఆగండి! డిస్క్ బయటికి తీశారు కదా, తలుపు మళ్లీ పడిపోయింది. ముందు వీఎల్‌సీలో ఇంకోసారి ఆడించాలి. ఇది మరిచిపోతే మిగిలిన ప్రతి చోటుకూ 6ఎఫ్ 03 జవాబే వస్తుంది, అవన్నీ చెడ్డవని మ్యాప్‌ఫైలు గుడ్డిగా రాసుకుంటుంది.

వీణలు మళ్లీ మోగాయి. మావయ్య మళ్లీ ముందుకు జరిగారు. మళ్లీ ఆపేశారు.

ఈసారి వేగం కూడా తగ్గించండి. 'ఇజెక్ట్' ఆదేశానికి 'హైఫన్ ఎక్స్ 4' తగిలిస్తే డ్రైవ్ నెమ్మదిస్తుంది. పూర్తి వేగంలో ఉన్న 16 ఎక్స్ డ్రైవ్ డిస్క్‌ను నిమిషానికి వేలకొద్దీ చుట్లు తిప్పుతుంది. కాస్త వంగిన డిస్క్ ఆ వేగంలో ఊగుతుంది, లెన్స్ ఆ ఊపును అందుకోలేదు. నిదానంగా తిప్పితే అందుకుంటుంది. కొన్ని డ్రైవ్‌లు ఈ మాట వినవు, అది వాటి మొండితనం. అలాగే ఆ యూఎస్‌బీ తీగ హబ్‌లో ఉంటే పీకి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. కరెంటు చాలక వచ్చే ఎర్రర్లు కూడా చూడ్డానికి గీత ఎర్రర్లలాగే ఉంటాయి.

మళ్లీ నడిపారు. కడిగినందుకు వేలిముద్ర కింద ఉన్నవన్నీ గబగబా వచ్చేశాయి. '-' గుర్తులు కరిగిపోతుంటే చూడ్డం నిజంగా సరదాగా ఉంటుంది. వంపుగీత కింద ఉన్నవి మాత్రం కదలడం లేదు. మూడు సార్లకు మించి అడిగించకండి. రాత్రంతా వదిలేస్తే డ్రైవ్ వేడెక్కుతుంది, లేజర్ అరుగుతుంది, వచ్చేదేమీ ఉండదు.

"మావయ్యా, మీ పాత డెస్క్‌టాప్ ఏం చేశారు?"

"అటక మీదుంది. ఎందుకు?"

ఎందుకంటే ఏ రెండు డ్రైవ్‌ల కళ్లూ ఒకలా ఉండవు. ఒకటి తడబడే చోట ఇంకొకటి తాపీగా చదివేస్తుంది. ఆ డెస్క్‌టాప్‌లోని పెద్ద డ్రైవ్ విప్పి, దుమ్ము దులిపి, శాటా-యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలించండి. పాతవి బరువుగా, గట్టిగా ఉంటాయి. నన్నడిగితే ఈ పలచటి ల్యాప్‌టాప్ డ్రైవ్‌ల కంటే వాటినే నమ్ముతాను. వీఎల్‌సీతో తాళం తీయించి, అదే ఇమేజ్, అదే మ్యాప్‌ఫైలు ఇచ్చి డీడీరెస్క్యూ నడపండి. కొత్తగా మొదలుపెట్టదు, రాని చోట్లనే వెతుక్కుంటుంది.

ఒకటి వచ్చింది. ఇంకోటి. వరసగా నాలుగు. చివరికి ఒకే ఒక్క కట్ట, 32 కేబీ, ఎంతకీ రానని భీష్మించింది. వదిలేయండి. సెకనుకు ఐదు మెగాబిట్ల వీడియోలో అది సెకనులో ఇరవయ్యో వంతు. అయితే ఎంపెగ్-2లో ఒక ఫ్రేము ముందు ఫ్రేముల మీద ఆధారపడుతుంది కాబట్టి చతురస్రాలు చెదిరినట్టు అర సెకను దాకా కనిపించొచ్చు. ఇమేజ్‌ను వీఎల్‌సీలో తెరిచి ఆ చోటికి పోయి చూడండి. ఇమేజ్‌లో తాళంచెవులు రాలేదు కదా, ఎలా ఆడుతుందంటారా? 40 బిట్ల చెవిని వీడియోలోంచే లెక్కగట్టి పట్టేయడం ఆ లైబ్రరీకి వచ్చు. 'విశ్రాంతి' అక్షరాలకు కొద్దిగా ముందు తెర ఒక్కసారి మినుక్కుమంది.

"అంతేనా? ఇన్నాళ్లూ ఇంతకంటే ఎక్కువే ఆగేది" అన్నారు మావయ్య.

అలమర పైవరసలోంచి ఇంకో డిస్క్ తీసిచ్చారు. వాళ్లమ్మాయి అమెరికా నుంచి తెచ్చిన ఇంగ్లిషు సినిమా. కొత్తదానిలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. పెట్టగానే డీమెసేజ్‌లో 6ఎఫ్ 04, అంటే రీజియన్ తేడా. అమెరికాది 1, మనది 5. డ్రైవ్‌లో రీజియన్‌ను ఐదుసార్లే మార్చనిస్తారు, ఐదోదానితో అది శాశ్వతం. అటక మీది డ్రైవ్‌ను 1కి మార్చి అలాగే ఉంచేయండి, ల్యాప్‌టాప్ డ్రైవ్‌ను 5లో వదిలేయండి. రోజూ మార్చుకునే పని తప్పుతుంది.

తాళం తెరుచుకుంది, ఇమేజ్ మొదలైంది, కాసేపటికే మళ్లీ బుయ్‌మని, టక్. మెరిసే డిస్క్ మీద వేల సెక్టార్లు పోయాయి. రీజియన్ 1కే అమర్చిన ఇంకో డ్రైవ్‌ ఉంటే దాన్లో పెట్టి చూడండి. సరిగ్గా అదే అంకె దగ్గర ఆగింది, సరిగ్గా అదే అంకె దగ్గర కోలుకుంది. గీత అయితే రెండు డ్రైవ్‌లు రెండు రకాలుగా తడబడాలి. ఇంత కచ్చితంగా కలిసిందంటే అవి ఫ్యాక్టరీలోనే కావాలని చెడగొట్టిన సెక్టార్లు. సోనీవారి ఆర్కాస్ ఈ తరహా రక్షణల్లో పేరుమోసినది. ప్లేయర్ రోజూ అదే రూటు తిరిగే ఆర్టీసీ డ్రైవర్ లాంటిది, ఐఎఫ్ఓ పట్టిక చెప్పిన మలుపులే తిరుగుతుంది, తవ్వి ఉంచిన గొయ్యి వైపు పోనే పోదు. మొత్తం డిస్క్‌ను అంగుళం వదలకుండా చదవబోయే కాపీ ప్రోగ్రామే అందులో పడుతుంది. 2007లో ఈ రక్షణతో వచ్చిన కొన్ని సినిమాలు కొన్ని ప్లేయర్లలోనే ఆడక, ఆ ఇబ్బందిని సోనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. దొంగ కాపీల వాళ్లు అప్పటికే దారి కనిపెట్టేశారు. ఇబ్బంది పడింది డబ్బిచ్చి కొన్నవాళ్లు.

ఇక్కడ కడగడం, వేగం తగ్గించడం, మళ్లీ మళ్లీ అడగడం అన్నీ దండగ. ప్లేయర్ పోయే దారినే మీరూ పోవాలి. సినిమాను వీఎల్‌సీలో మెనూ నుంచి ఆడించి, ఏ టైటిల్ నంబరు నడుస్తోందో చూసుకోండి. ఇలాంటి డిస్కులు 99 టైటిళ్లు చూపించి తికమక పెడతాయి, అసలు సినిమా ఒక్కటే. మేక్‌ఎంకేవీ లాంటి ప్రోగ్రాంకు ఆ ఒక్క టైటిల్‌నే ఇచ్చి తీయమనండి. గొయ్యి పక్కనుంచే పోయి, సినిమా పూర్తిగా వచ్చేస్తుంది.

మావయ్య మూడోది తీయబోతున్నారు. ఆయన్ని ఆపి, అలమర కింద అరలో చూడమనండి. తెల్లటి కాగితం కవర్లో, స్కెచ్ పెన్నుతో పేర్లు రాసిన డిస్కులు ఉంటాయి. పెళ్లి, ఉపనయనం, షష్టిపూర్తి. వాటికి తాళం లేదు, రీజియన్ లేదు, గొయ్యి లేదు. కానీ అవి ఫ్యాక్టరీలో అచ్చు పోసినవి కావు, ఫొటో స్టూడియోలో రంగుపొర మీద లేజర్‌తో కాల్చిన డీవీడీ-ఆర్‌లు. వేడికీ వెలుతురుకీ ఆ రంగు వెలిసిపోతుంది, మన ఎండాకాలాలు దానికి అసలు పడవు. ఒకసారి వెలిశాక ఏ డ్రైవూ చదవలేదు. సినిమా ఇంకెక్కడైనా దొరుకుతుంది, మీ అమ్మమ్మ నవ్విన వీడియో దొరకదు. మీ ఇంట్లో అలాంటి కవర్లుంటే ఈ వారమే తీయండి, సినిమాల సంగతి తర్వాత చూద్దాం.